నాకు పాట నేర్పినావిడకే శ్రుతి తప్పుతోందని ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. మా చర్చి సంఘంలో 18 మంది కలిసి పాడే క్వయర్‌ను ఆరేళ్లుగా నడిపిస్తున్నాను. సొప్రానోలో (ఆడవాళ్ల పై స్థాయి గొంతులో) పాడే పెద్దమ్మకు 68 ఏళ్లు. చిన్నప్పుడు నాకు సోల్ఫా (డో-రే-మి స్వరాలు) నేర్పింది ఆవిడే. ఇప్పుడు పై స్వరాల దగ్గర గొంతు వణికి కిందికి జారుతోంది. పక్కన నిలబడే కొత్త పిల్లలూ ఆవిడ వెంటే జారిపోతున్నారు. పోయిన శనివారం ఒక అమ్మాయి కిసుక్కున నవ్వింది. పెద్దమ్మ పాటల పుస్తకం మూసి, మళ్లీ తెరిచారు.

కీర్తనను ఒక స్వరం తగ్గించి చూశాను. కింది స్వరాలు అందడం లేదని బేస్ (మగవాళ్ల కింది స్థాయి గొంతు) వాళ్లు గొణిగారు (వాళ్లు ఎప్పుడూ గొణుగుతారు లెండి). ఆల్టోకు (ఆడవాళ్ల కింది స్థాయి గొంతుకు) మారమంటే పొమ్మన్నట్టు అనుకుంటారేమోనని భయం. క్రిస్మస్‌కు ఆరు వారాలే ఉంది. విడిగా ఇంటికి వెళ్లి చెప్పాలా, అందరి చోట్లూ మార్చి అందులో సర్దాలా? ఇలాంటిది ఎదురైనవారు మొదటి మాట ఎలా కదిపారు?