‘నిబంధమైన’లో ‘ని’, పెరోలుకు తెలుగు మాట

ప్రొద్దుటూరు నుంచి:
నాలుగు రోజులుగా ఒక పద్యపాదం నన్ను వదలడం లేదు. ‘పెరోలుపై వచ్చిన ఖైదీ’ అన్న శీర్షిక పత్రికలో చూడగానే, పోతన భాగవతంలో, వామనునికిచ్చిన మాట తప్పనని బలి చక్రవర్తి శుక్రాచార్యునితో అన్న ‘నిరయంబైన, నిర్బంధమైన’ నోటికి వచ్చింది. నడిమి పాదాలు మాత్రం అందక, ‘తిరుగన్ నేరదు నాదు జిహ్వ’ దగ్గర తేలాను. ఫ్రెంచిలో ‘పరోల్’ అంటే మాటే గనుక, మాటిచ్చి బయటికి వచ్చే ఈ విడుదలకు మన కావ్యాలలో పేరేమైనా ఉన్నదా అని పెద్దలను అడుగుతున్నాను.

అనంతపురం నుంచి:
అయ్యా, ముందు పాదం సరిచేసుకుందాం. అది ‘నిర్బంధమైన’ కాదు, ‘నిబంధమైన’. మత్తేభ వృత్తంలో రెండవ గణం భగణం. ‘బైన ని’ అని గురువు, రెండు లఘువులు నిలిచిన చోటికి ‘ర్బ’ను తెస్తే, వెనుకటి ‘ని’ గురువై భగణం కాస్తా రగణమవుతుంది. ఖైదు వార్తలు చదివి చదివి మన చెవికి నిర్బంధం అలవాటైనది గాని, పోతన చెవికి కాలేదు.

కడప నుంచి:
ఛందస్సు ఒప్పుకున్నాను, అర్థం ఒప్పుకోను. నిబంధమంటే కట్టు అని సరిపెట్టుకుంటున్నాం గాని, నిబంధన కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. ‘ఫలానా ఊరు దాటరాదు, ఫలానా ఠాణాలో సంతకం చేయవలెను’ అని పెరోలు ఉత్తర్వులో ఉండేవి నిబంధనలే కదా! ‘ఎన్ని షరతులైనా రానిమ్ము’ అన్నాడని నా అన్వయం. ఒంటిమిట్టకు పాతిక కిలోమీటర్లలో ఉన్నవాళ్లం, పోతన మాట మీద మాకు ఆ పాటి చనువు ఉండదా?

అనంతపురం నుంచి:
పోతన ఊరైన ఏకశిలానగరం ఓరుగల్లా, ఒంటిమిట్టా అన్న తగవును ఇందులోకి లాగవద్దని మనవి. పద్యంలోని నరకం, రాజ్యం పోవడం, దుర్మరణం, కులనాశనం అన్న వరుసలో షరతు ఎలా ఇముడుతుంది? కథలో ముందుకు పోతే గరుత్మంతుడు బలిని వారుణపాశాలతో కట్టనే కట్టాడు, నిబంధం అదే. పైగా బలి ఇక్కడికి తగిన ఉదాహరణ కాడు. పెరోలు ఖైదీ మాటిచ్చి చెర విడిపించుకుంటాడు, బలి మాటిచ్చి చెరలో పడ్డాడు.

రాయదుర్గం నుంచి:
అయితే ఆవును మరచినారేమి? అనంతామాత్యుని భోజరాజీయంలో, పులికి చిక్కిన ఆవు, దూడకు పాలిచ్చి వస్తానని ప్రమాణం చేసి వెళ్లి, చెప్పినట్టే తిరిగి వచ్చి పులి ఎదుట నిలబడింది. మా సరిహద్దులో కన్నడం మాట్లాడేవాళ్లు ఇదే కథను పుణ్యకోటి పాటగా పాడుకుంటారు. బయటికి పోవడానికి కారణం, తిరిగి వస్తానన్న మాట, రావడం, మూడూ ఉన్నాయి. పూచీ మాత్రం ఆవు నాలుక ఒక్కటే.

కర్నూలు నుంచి:
కోర్టు చుట్టూ తిరిగేవాణ్ణి గనుక ఒక మాట. నేటి పెరోలు ఆవు మాట మీద నడవదు, బాండూ పూచీదార్లూ కావాలి. బెయిలు కోర్టు ఇచ్చేది, ఎక్కువగా తీర్పుకు ముందు. పెరోలు శిక్ష పడినవాడికి, తల్లి జబ్బో కూతురి పెళ్లో కారణంగా చూపితే ప్రభుత్వం ఇచ్చేది. ఫర్లో అనే మరో రకం జైలు సెలవుకు అలాంటి కారణం అక్కరలేదు, జైలులో నడవడి చూస్తారు. ఉత్త మాటకు విలువ మిగిలినది యుద్ధఖైదీల విషయంలో: 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందం 21వ అధికరణం వారిని మాట మీద విడిచిపెట్టడానికి వీలిస్తుంది, ఆ మాట నిలుపుకోవడం వారి పరువుకు సంబంధించిన బాధ్యత అంటుంది. ఇక గ్రీకు ‘పరబోలే’ లాటిన్ మీదుగా ఫ్రెంచి ‘పరోల్’ అయింది; పార్లమెంటుదీ ఆ వేరే. 1916లో అచ్చయిన భాషాశాస్త్రవేత్త సొస్యూర్ పాఠాలలో పరోల్ అంటే ఒక మనిషి నోట పలికే మాట. మరి మనకు ‘ప’ పోయి ‘పె’ ఎందుకు వచ్చిందంటే, హిందీ ‘పైరోల్’ పుణ్యమని నా అనుమానం.

కడప నుంచి:
‘పె’ ఎవరి పుణ్యమైతేనేమి, నా నిబంధనకు జవాబు రాలేదు.

ప్రొద్దుటూరు నుంచి:
మా వీధిలో అలా వచ్చినవాణ్ణి ‘సెలవు మీద వచ్చినాడు’ అనేవారు. గడువు తీరిన పొద్దున సంచి భుజాన వేసుకొని, గడప దగ్గర తల్లితో ‘పోయొస్తా’ అన్నాడు. ఆ మాట సరిపోదా?

అనంతపురం నుంచి:
సరిపోవచ్చు గాని, అదే పద్యంలోని ‘అభ్యాగతుండైన నౌ’లో ‘ఔ’ను ఎలా అన్వయిస్తారో ముందు చెప్పండి.