వాన పడిన గ్రౌండులో బీప్ టెస్టు ఎలా పెట్టాలి?

అమలాపురం దగ్గర హైస్కూల్లో పీఈటీనండి. తొమ్మిది, పది తరగతుల పిల్లల దమ్ము ఎంతుందో చూద్దామని 20 మీటర్ల షటిల్ రన్ మొదలుపెట్టాను. బీప్ మోగేలోపు అవతలి గీత చేరాలి. వేగం గంటకు 8.5 కిలోమీటర్లతో మొదలై, నిమిషానికి అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది.

చిక్కల్లా మా గ్రౌండుతోనే. పక్కనే పంటబోదె, నేలంతా జిగురు మట్టి. మొన్న ఒకడు గీత దగ్గర తిరగబోయి జారి కూలబడ్డాడు. దమ్ము అయిపోయి కాదు, కాలు నిలవక! (లేచి నవ్వాడు, నాకే టెన్షన్.) వాడి స్కోరు ఏమని రాయాలి?

సిమెంటు వరండా ఉంది గానీ 17 మీటర్లే. అందులో 15 మీటర్ల టెస్టు పెడితే మలుపులు ఎక్కువవుతాయి కదా, ఆ స్కోరును 20 మీటర్లదానితో పోల్చవచ్చా? లేక 600 మీటర్ల పరుగుతో సరిపెట్టాలా? పిల్లలతో చేయించినవాళ్లు చెప్పండి.