జవాబు రాని కథని ఇంకో పత్రికకి పంపొచ్చా?

పర్లాకిమిడి కుర్రాడు:
ఒక వారపత్రికకి కథ పంపి పదకొండు నెలలైంది. హామీపత్రం కూడా జతచేశాను, సొంత కథే, అనువాదం కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని. వేసుకుంటామనీ చెప్పరు, వద్దనీ చెప్పరు. మా ఊళ్ళో ఆ పత్రిక దొరకదు, అందుకని ప్రతి వారం సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్ళి, కొట్టు దగ్గర నిలబడే విషయసూచిక చూసి వచ్చేస్తున్నాను (కొట్టాయన ఈమధ్య నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేస్తున్నాడు). ఇంక వేరేచోటికి పంపేస్తే తప్పా?

సిరోంచ మాస్టారు:
తప్పే బాబూ. హామీపత్రం అంటే మాట ఇచ్చినట్టు. చిన్నప్పుడు నేనూ ఓపిక పట్టలేక ఒకే కథ రెండు చోట్లకి పంపాను. రెండూ ఒకే నెలలో వేశాయి. ఒక పారితోషికం తిప్పి పంపాను, అయినా ఆ పత్రికవాళ్ళు మళ్ళీ నా కథ ముట్టుకోలేదు. అసలే మనం ఇక్కడ మహారాష్ట్రలోనో ఒడిశాలోనో మూల కూర్చుని రాసేవాళ్ళం, మొదటి పరిచయమే అలా అయితే ఎట్లా?

బరంపురం అక్క:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను, మాట ఒకవైపు నుంచేనా? మీ రోజుల్లో ఇక్కడ కాకపోతే ఇంకోచోట అనుకోడానికి పత్రికలుండేవి. 1978లో మొదలైన చతుర, విపుల కూడా 2021లో ఆగిపోయాయి. ఆదివారం అనుబంధంలో వారానికి ఒక్క కథ అనుకుంటే ఏడాదికి 52, పంపేవాళ్ళు మాత్రం వందల్లో. జవాబు ఇవ్వలేకపోవడం నాకు అర్థమవుతుంది, ఇన్నాళ్ళు చూసి రాకపోతే లేదనుకోండి అని ఒక గడువు వెయ్యడానికేం? తమ్ముడూ, నా లెక్క మూడు నెలలు. ఆ తర్వాత కథ వెనక్కి తీసుకుంటున్నానని మెయిల్ పెట్టి, ఈమాట, సారంగ, సంచిక లాంటి ఏదో ఒక వెబ్ పత్రికకి పంపు. చెప్పకుండా మాత్రం పంపకు. ఇంకోటి, కోపంలో ఫేస్‌బుక్‌లోనో ప్రతిలిపిలోనో పెట్టేశావంటే అది అచ్చయినట్టే లెక్క, ఆ తర్వాత చాలా పత్రికలు తీసుకోవు.

సిరోంచ మాస్టారు:
వెబ్‌లో పడిన కథ ఎన్నాళ్ళుంటుందమ్మా? సైటు మూసేస్తే పోయె. అచ్చులో వచ్చినది ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. శ్రీకాకుళంలో కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో తెలుగు కథల కోసం కథానిలయం అనే లైబ్రరీ పెట్టారంటే పాత పత్రికలు మిగిలాయి కాబట్టే కదా.

జయపురం పాఠకుడు:
ఈమాట 1998 నుంచీ నడుస్తోంది మాస్టారూ, పాత సంచికలన్నీ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. మా ఊళ్ళో ఏ వారపత్రికైనా పాత సంచిక కావాలంటే పకోడీ పొట్లాల్లో వెతుక్కోవాలి! నాకు వేరే బాధ ఉంది. నా కథలో ముసలమ్మ పఖాళ (చద్దన్నానికి ఇక్కడి ఒడియా మాట) తింటుంది, అచ్చులో చూస్తే చద్దన్నం తింటోంది. అడగలేదు, చెప్పలేదు. గిడుగు రామమూర్తి గారు వాడుకభాష కోసం కొట్లాడింది ఈ పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూనే కదా, మనకి మాత్రం ఇంకా దిద్దుబాట్లే. వెబ్ పత్రికలో నాతో పనిచేసిన సంపాదకురాలు మూడుసార్లు మెయిల్ రాసి, అర్థం అడిగి, ఆ మాట అలాగే ఉంచారు. నా ఓటు అటే.

సిరోంచ మాస్టారు:
ముసలమ్మ విషయంలో నీదే న్యాయం. హామీపత్రం విషయంలో మాత్రం నా మాట నాదే. వెనక్కి తీసుకుంటున్నానని రాసి, ఒక నెల ఆగి పంపితే నాకు అభ్యంతరం లేదు.

పర్లాకిమిడి కుర్రాడు:
అక్క చెప్పినట్టే పొద్దున్న మెయిల్ పెట్టాను. పదకొండు నెలలు రాని జవాబు ఇరవై నిమిషాల్లో వచ్చింది. "మీ కథ పరిశీలనలో ఉంది" అట. ఇప్పుడు చెప్పండి మాస్టారూ, ఆగాలా, పంపాలా?