తెల్ల కారు బంపర్ మీద సైలెన్సర్ పొగ మరకలు పోయే దారి చెప్పండి

అందరికీ నమస్తే. మాది 2014 మోడల్ డీజిల్ కారు, తెలుపు రంగు. సైలెన్సర్ గొట్టానికి పైన, వెనక బంపర్ అంచు మీద అరచెయ్యంత మేర మరక పట్టేసింది. షాంపూతో కడిగితే పైనున్న నల్లటి మసి వచ్చేస్తోంది కానీ, ఆరాక చూస్తే కింద టీ ఒలికినట్టు పసుప్పచ్చ రంగు అలాగే ఉంటోంది. వేలితో రాస్తే గరుకుగా తగులుతోంది, కాబట్టి పెయింట్ లోపలికి దిగలేదనే అనుకుంటున్నా.

వాటర్ వాష్ కుర్రాడు కిరోసిన్ గుడ్డతో తుడవమంటున్నాడు. మా బావగారు రబ్బింగ్ కాంపౌండ్ అంటారు (ఆయన అన్నిటికీ అదే మందు చెబుతారు లెండి). కాంపౌండ్ క్లియర్ కోట్‌ని (రంగు మీదుండే పారదర్శక పొరని) కొంత అరగదీస్తుంది కదా, అంచుల దగ్గర పెయింట్ లేచిపోతుందేమోనని టెన్షన్.

ముందు తారు మరకలు తీసే రిమూవర్, తర్వాత క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద), అప్పటికీ పోకపోతేనే మెత్తటి పాలిష్, చివర్లో వ్యాక్స్ అనుకుంటున్నా. ఈ వరస సరైనదేనా? తెల్ల కారు మీద చేసినవాళ్లుంటే ఆ పసుపు ఎక్కడ వదిలిందో చెప్పండి. డీటెయిలింగ్ షాపుల్లో అడిగితే మొత్తం కారుకి ప్యాకేజీ అంటున్నారు, నాకు కావాల్సింది ఆ కాస్త జాగానే.

ఇంకోటి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పొగ నల్లగా వస్తోంది. ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. ఇప్పుడు ముందు ఇంజెక్టర్లు చూపించాలా, ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) క్లీన్ చేయించాలా?