పర్లాకిమిడి నుంచి: పదేళ్ళ తరవాత మళ్ళీ గేములు మొదలుపెట్టాను, సలహా కావాలి

మహేంద్రగిరి_నీడ
అందరికీ నమస్కారం. పెళ్ళి, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, వీటి మధ్య పదేళ్ళకు పైగా గేము ముట్టలేదు. ఈ వేసవిలో మళ్ళీ మొదలుపెట్టాను. రాత్రి పదిన్నరకు ఇల్లు సద్దుమణిగాక గంట, మహా అయితే గంటన్నర నా సొంతం.

అడగాల్సినవి మూడు. ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌తో సర్దుకోవాలా, 40 వేలు పెట్టి డెస్క్‌టాప్ కొనాలా? ఆట మధ్యలో కరెంటు పోతే మీరేం చేస్తారు? గంటలోపు ముగిసే ఆటలు ఏమైనా ఉన్నాయా?

నవ్వనని మాట ఇస్తే ఇంకొకటి చెబుతాను. 2006లో, కాలేజీ రోజుల్లో, వైస్ సిటీ గేములో, బొమ్మ హెలికాప్టరుతో కట్టడంలో బాంబులు పెట్టే ఆ పని దగ్గర ఆగిపోయాను. మొన్న మళ్ళీ ఎక్కించి చూశాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పైగా హెలికాప్టరు తిప్పడానికి కావాల్సిన కుడిపక్క నంబరు కీలే ఈ ల్యాప్‌టాప్‌కు లేవు.

బరంపురం_బాబాయి
మాట ఇవ్వలేను, అప్పటికే నవ్వేశాను. నువ్వొక్కడివే కాదు తమ్ముడూ, మా వీధిలో సగం మంది ఆ హెలికాప్టరు దగ్గరే ఆగిపోయి, అలాగే పెళ్ళిళ్ళు చేసుకున్నారు.

అందరూ చేసే తప్పు ఒకటే. వ్యాన్ ఎక్కి హెలికాప్టరు చేతికి రాగానే ఆత్రంగా బాంబు తగిలించుకుంటారు. మొదటి బాంబు ఎత్తేదాకా గడువు లెక్కించే గడియారం కదలదు. ముందు ఖాళీ హెలికాప్టరుతో కట్టడంలోకి వెళ్ళు. మెట్లు ఎక్కడున్నాయో చూసుకో. సుత్తులు పట్టుకుని వచ్చేవాళ్ళనూ తుపాకీ వాళ్ళనూ రెక్కతోనే తప్పించు. దారి ఖాళీ అయ్యాక తీరిగ్గా దిగి బాంబు ఎత్తు. నాలుగు బాంబులు, నాలుగు అంతస్తులు. నేనైతే పై అంతస్తుతో మొదలుపెడతాను.

పాత_సీడీ
తప్పు. వ్యాన్ ఎక్కగానే సమయం మొదలవుతుంది. నేను 2004 నుంచి ఆడుతున్నాను, కనీసం ముప్పైసార్లు పూర్తి చేశాను. తెలియని విషయం తెలిసినట్టు చెప్పకూడదు.

బరంపురం_బాబాయి
ముప్పైసార్లలో ఒక్కసారైనా బాంబు ఎత్తకుండా ఆగి చూశారా?

పాత_సీడీ
ఆగడానికి అదేమైనా బస్టాండా?

రాయగడ_రాణి
ఆయన కరెంటు గురించి కూడా అడిగారు. దానికి నేను చెబుతాను, ఎందుకంటే నా చేయి కాలింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను పర్లాకిమిడిలో అత్తవారింట్లో ఉన్నాను. చెట్లూ స్తంభాలూ పడిపోయాయి. కరెంటు లేదంటే లేదు. రోజుల తరవాత వచ్చింది, వచ్చిన సంతోషంలో కంప్యూటర్ పెట్టాను, రెండు గంటలు ఆడాను, సేవ్ నొక్కాను. సరిగ్గా ఆ క్షణంలో లైటు ఒకసారి మిణుకుమని పోయింది. తిరిగి తెరిచి చూస్తే ఫైలు ఉంది, పేరు ఉంది, తేదీ ఉంది. పరిమాణం దగ్గర సున్నా. నాలుగు నెలల ఆట. తుఫాను తట్టుకున్నదాన్ని ఆ సున్నా చూసి ఏడ్చాను.

అప్పటి నుంచి మూడు నియమాలు. ఒకే సేవ్ మీద మళ్ళీ మళ్ళీ రాయను, మూడింటిని వంతులవారీగా వాడతాను. ఆదివారం ఆ ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి. డెస్క్‌టాప్‌కు విడిగా చిన్న యూపీఎస్. ఇంటి ఇన్వర్టర్ ఉందిగా అని ధీమా పడకండి, కొన్ని ఇన్వర్టర్లు మారే ఆ రెప్పపాటులోనే మెషీను ఆగి మళ్ళీ మొదలవుతుంది. యూపీఎస్ పది నిమిషాలు నిలబెడితే చాలు, అది ఆడడానికి కాదు, ఆపడానికి.

ఇక ఆ హెలికాప్టరు నేను రెండోసారికే ముగించాను. నెట్ సెంటరులో మా తమ్ముడు ఆడుతుంటే వెనక నిలబడి నెలరోజులు చూశాను. నాకు కుర్చీ దొరికేది కాదు, కాబట్టి దారి మొత్తం కంఠతా వచ్చింది. గడియారం విషయంలో బాబాయిగారు చెప్పిందే సరి.

పాత_సీడీ
చూసినవారి సాక్ష్యం వేరు, ఆడినవారి అనుభవం వేరు.

రాయగడ_రాణి
రెండోసారికే ముగించానని రాశాను. ఆ వాక్యం మీ కంటికి ఆనలేదేమో.

చాందా_ఎండ
ల్యాప్‌టాప్‌తో సర్దుకోవాలా అని అడిగినవారికి: వద్దు. మాది బల్లార్‌పూర్. మే నెలలో 45, 46 డిగ్రీలు మాకు వార్త కాదు. గదిలోనే 40 ఉంటే ఆ అరచేతి ఫ్యాను ఏ చల్లగాలిని లోపలికి లాగుతుంది? ప్రాసెసర్ వంద దరిదాపులకు రాగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆట ఎడ్లబండి అవుతుంది. మీరేమో గేము బాగాలేదని తిట్టుకుంటారు.

పోయిన నెల మా మేనల్లుడు కొన్న పాత ల్యాప్‌టాప్ విప్పాను. పైకి ఫ్యాను శుభ్రంగానే ఉంది. దాన్ని కూడా ఊడదీసి వెనక రాగి రేకుల వైపు చూస్తే, రెంటికీ మధ్య బూడిదరంగు దుప్పటి ముక్క లాంటిది. గోటితో లాగితే పొర మొత్తం ఒకే ముక్కగా వచ్చింది, నిండా పిల్లి వెంట్రుకలు. వాడికి పిల్లి లేదు, అమ్మినవాళ్ళకు ఉండేదట. ప్రాసెసర్ వేడిని రేకులకు చేరవేసే పేస్టు ఎండి పెచ్చులైపోతే తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాను. అదే గేము, అదే గది, 97 నుంచి 81కి దిగింది. ఒక జాగ్రత్త: గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరగనిచ్చారో దానికి నూకలు చెల్లినట్టే.

పదిహేనేళ్ళుగా ఇదే పని. నాగ్‌పూర్ నుంచి కూడా నాకే పంపిస్తారు.

గంజాం_గాలి
నాగ్‌పూర్‌లో విప్పేవాళ్ళు లేరా?

చాందా_ఎండ
విప్పేవాళ్ళు ఉన్నారు. తిరిగి బిగించేవాళ్ళు తక్కువ.

సిరోంచ_రేవు
గంటలోపు ముగిసేది అంటే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, రాజ్యం కట్టి యుద్ధం చేసే ఆట. 1999 నాటిది, 2019లో కొత్త మెరుగులతో వచ్చింది. కంప్యూటర్‌తో ఒక పోటీ నలభై నిమిషాల్లో తేలిపోతుంది. ఓడితే అరగంటే. అందులో జట్లలో నేను ఎప్పుడూ ద్రవిడులనే తీసుకుంటాను. ఉరుమి కత్తివాళ్ళు గుంపులో పడితే చూడాలి! కానీ ఒక వెలితి. పనివాళ్ళను నొక్కితే తమిళంలో పలుకుతారు. 2022లో బెంగాలీలు, ద్రవిడులు, గుర్జరులు అని కొత్తగా చేర్చి, పాత భారతీయులకు హిందుస్తానీలని పేరు మార్చారు. మన కాకతీయులు ఎటు పోయారు? ప్రాణహిత ఒడ్డున కూర్చుని మహారాష్ట్ర రేషను కార్డుతో, తెలుగులో ఆలోచిస్తూ, తమిళ పనివాళ్ళ చేత కట్టెలు కొట్టిస్తున్నాను.

గంజాం_గాలి
మీకు కనీసం ద్రవిడులు ఉన్నారు. మాకు ఎవరు? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నా స్నేహితులు బెంగాలీలను తీసుకోమంటారు, ఏనుగులు ఉన్నాయి కదా, కళింగానికి అదే దగ్గర అని.

బరంపురం_బాబాయి
ఖబడ్దార్. ఆటలో ఆ బెంగాలీల కథానాయకుడు పాల వంశపు రాజు దేవపాలుడు. ఉత్కళులను, అంటే మన ఒరిస్సావాళ్ళను, నిర్మూలించాడని పాలుల కాలపు శాసనంలోనే ఉంది. ఆయన సైన్యంగా నేనెందుకు ఆడాలి?

సిరోంచ_రేవు
అయితే ద్రవిడుల వైపు రండి బాబాయిగారూ.

బరంపురం_బాబాయి
ద్రవిడుల కథ ఎవరిది? రాజేంద్ర చోళుడిది. ఆయన సేన గంగ దాకా వెళ్ళింది ఏ దారిన? మన మీదుగానే. ఎటు పక్క ఆడినా కాలేది మన ఊరే.

గంజాం_గాలి
ఒరిస్సాను ఏలిన గజపతులను పెట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. కపిలేంద్రుడి కాలంలో కొండవీడు దాకా మనదే.

కొండవీటి_చేంతాడు
మనది అంటే ఎవరిది? తెలుగు దుర్గాలను పట్టుకున్నవాళ్ళను మనవాళ్ళంటారా? 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు తిరిగి తీసుకున్నది వాళ్ళ దగ్గర నుంచే.

గంజాం_గాలి
వాళ్ళ శాసనాల్లో తెలుగువీ ఉన్నాయి. అయినా మీరు ఉండేది ఎక్కడ? సరిహద్దు ఇవతల నివసించని వాళ్ళకు ఇది చెప్పినా అర్థం కాదు. మా తాతగారు పుట్టినప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936లో ఆయన కదలకుండానే ఒరిస్సా వచ్చింది.

కొండవీటి_చేంతాడు
అంటే అవతలివాళ్ళు మాట్లాడకూడదా? చర్చ పెట్టింది గేముల గురించి అనుకున్నాను.

పాత_సీడీ
గుర్రం మీద నైటులే లేని జట్టుతో ఆడి గెలవడం కష్టం. ఆ నాలుగు భారత జట్లకూ లేవు. ఫ్రాంకులను తీసుకోండి, గెలుస్తారు. గజపతులు, కాకతీయులు అని కూర్చుంటే పదో నిమిషంలో గోడ కూలుతుంది.

సిరోంచ_రేవు
గెలవడానికే ఆడేవాళ్ళు ఉంటారు, సరే.

కిన్వట్_ఫోను
నేను ఇరవై రోజులుగా ఇక్కడ చదువుతున్నాను. ఎవరూ ఫోనులో ఆడేవాళ్ళ ఊసే ఎత్తరేమి? మా ఇంట్లో కంప్యూటర్ లేదు. 2020 సెప్టెంబరు 2న పబ్జీని నిషేధించిన రాత్రి మా గుంపులో నలుగురం, ఇద్దరు తెలుగు, ఒకడు మరాఠీ, ఒకడు గోండు, ఆఖరి ఆట ఆడుకుని విడిపోయాం. మళ్ళీ నలుగురం ఒకచోట చేరలేదు.

పాత_సీడీ
వేలితో తాకి ఆడేదాన్ని నేను గేము అనను.

కిన్వట్_ఫోను
మీరు అనకపోతే ఆగిపోదు సార్. బాంబు ఎత్తకుండా ఆగడం రానివారు ఇంకొకరికి ఆట నేర్పుతున్నారు.

రాయగడ_రాణి
తమ్ముడూ, ఈ ఒక్క మాటకు నీకు నా తరఫున ఒక కాఫీ.

తీగ_మాస్టారు
పింగ్ సంగతి, అంటే మన నొక్కు ఆట సర్వరు దాకా వెళ్ళి రావడానికి పట్టే సమయం, ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెబుతాను. బరంపురం, ముంబయి రెండూ దాదాపు 19 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి. నేరుగా గీత గీస్తే సుమారు 1,250 కిలోమీటర్లు. ఫైబరులో కాంతి సెకనుకు రమారమి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్ళి రావడానికి పన్నెండు, పదమూడు మిల్లీసెకన్లు చాలు. మీకు 70 చూపిస్తోందంటే తీగ అడ్డదిడ్డంగా ఊళ్ళు తిరిగి వెళుతోందన్న మాట, మిగతాది మీ వైఫై. ముందు వైఫై పెట్టె నుంచి కంప్యూటర్‌కు తీగ లాగండి, తరవాత కంపెనీని తిట్టండి.

మహేంద్రగిరి_నీడ
నేను ఇంటర్నెట్ ఆటలు ఆడను మాస్టారూ. ఒంటరిగానే ఓడిపోతాను.

తీగ_మాస్టారు
అయినా తెలిసి ఉండడం మంచిది.

దెగ్లూరు_దారి
నంబరు కీల సంగతి: విడిగా చిన్న కీల పలక దొరుకుతుంది, నేను నాందేడ్‌లో 400కు కొన్నాను. అంత కూడా అక్కరలేదు, గేము అమరికల్లోకి వెళ్ళి ఆ పనులను వేరే కీలకు మార్చుకోవచ్చు. 2006 నుంచి ఆగిపోయింది ఇందుకేనా?

బరంపురం_బాబాయి
ఇంకొకటి అడుగుతాను. హెలికాప్టరు సరే, ఆ వరుసలోదే ఇంకో గేము శాన్ ఆండ్రియాస్‌లో రైలు వెంట బండి నడుపుతూ, వెనక కూర్చున్నవాడి చేత రైలు పైనున్నవాళ్ళను కాల్పించే పని ఎంతమంది దాటారు? నాకు మూడు వారాలు పట్టింది. మన నౌపడా–గుణుపురం చిన్న రైలు అయి ఉంటే వెంట నడిచి, మధ్యలో దిగి టీ తాగి, మళ్ళీ ఎక్కేవాడిని.

మహేంద్రగిరి_నీడ
ఆ చిన్న రైలును 2004లోనే ఆపేశారు బాబాయ్. శాన్ ఆండ్రియాస్ కంప్యూటర్‌కు వచ్చింది 2005లో. కానీ మా నాన్నగారు నిజంగానే దాని పక్కన సైకిలు తొక్కేవారట, కాశీనగరం దాకా.

పాత_సీడీ
రైలు పని చాలా సులువు. పట్టాల మీద, రైలు వెనకే నేరుగా వెళ్ళాలి.

చాందా_ఎండ
అందుకే అందరూ ఓడిపోయేది! కుడిపక్కన, కాస్త దూరంగా, సమాంతరంగా వెళ్ళాలి. మరీ దగ్గరికి వెళితే వెనక కూర్చున్నవాడికి పైకి గురి కుదరదు.

మహేంద్రగిరి_నీడ
నిన్న రాత్రి వార్త. కీలు మార్చుకున్నాను. బాబాయి చెప్పినట్టే ఖాళీ హెలికాప్టరుతో కట్టడమంతా తిరిగాను, గడియారం ఊసే లేదు. మూడు బాంబులు పెట్టాను. నాలుగోది కింద నుంచి ఎత్తుకుని రెండో అంతస్తు మెట్ల దగ్గర తిప్పుతుండగా, వెనక నుంచి మా చిన్నది “నాన్నా, అది ఈగా?” అంది. మంచినీళ్ళకు లేచిందట. ఒక్క క్షణం తల తిప్పాను. రెక్క దూలానికి తగిలింది. ఇంకా నిమిషంన్నర మిగిలే ఉంది.

దాన్ని పడుకోబెట్టేసరికి పన్నెండు. ఇవాళ మళ్ళీ.

రాయగడ_రాణి
మూడు దాకా వచ్చారంటే ఇంకేం, అయిపోయినట్టే. నాలుగోది మొదట పెట్టేయండి, ఏది మీకు కష్టమో అదే ముందు.

పాత_సీడీ
నేను కూడా రాత్రి ఆడి చూశాను. బాంబు ఎత్తకుండా పావుగంట గాల్లోనే నిలబెట్టాను. గడియారం రాలేదు. ఇన్నేళ్ళూ అలవాటు కొద్దీ దిగీ దిగగానే ఎత్తేసేవాడిని, అందుకే తేడా తెలియలేదు.

రైలు విషయంలో మాత్రం పట్టాల మీదే వెళ్ళాలి.