ఆర్డెన్‌వుడ్‌కి నాన్నని ఎప్పుడు తీసుకెళ్తే బాగుంటుంది?

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. అమ్మానాన్న సెప్టెంబరులో తెనాలి నుంచి వస్తున్నారు, ఆరు నెలలుంటారు. నాన్న నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి. మాల్స్ చూపిస్తే గంటకే మొహం మాడ్చుకుంటారు. అందుకే ఇక్కడి పాతకాలపు పొలం, ఆర్డెన్‌వుడ్ హిస్టారిక్ ఫార్మ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాను. బంగారం వేటకొచ్చిన జార్జ్ ప్యాటర్సన్ చివరికి నేలనే నమ్ముకుని పండించిన పొలం కదా, ఆ కథ ఆయనకి నచ్చుతుంది.

అక్టోబరు మొక్కజొన్న కోతల పండగలో కంకులు మనమే విరుచుకోవచ్చట, నిజమేనా? నాన్న పొత్తు ఒలిచి, గింజని గోటితో నొక్కి చూడందే ఊరుకోరు. ఎవరైనా కసురుతారేమోనని నా భయం!

అమ్మకి మోకాళ్ల నొప్పులు. గేటు నుంచి ప్యాటర్సన్ ఇంటిదాకా నడక ఎక్కువా? లోపల తిరిగే చిన్న రైలు ఏ రోజుల్లో నడుస్తుంది? యూకలిప్టస్ తోపులో చలికాలం మోనార్క్ సీతాకోకచిలుకలు గుత్తులుగా వేలాడతాయట. ఈమధ్య బాగా తగ్గాయంటున్నారు. పోయినేడు డిసెంబరులో వెళ్లినవాళ్లకి కనిపించాయా? లేకపోతే అక్టోబరులోనే ఒక్కసారికి కానిచ్చేస్తాను.