‘వ్యక్తీకరణ’లోని ఈకారం

ప్రశ్న: జీన్ ఎక్స్‌ప్రెషన్‌ను ‘జన్యు వ్యక్తీకరణ’ అంటున్నారు. వ్యక్తీకరించడం భావాలకు చెందిన పని కదా, జన్యువుకు ఆ మాట పొసగుతుందా?

సమాధానం: పొసగుతుందనే నా అభిప్రాయం. అందుకు ఆధారం ఆ మాట నడుమనున్న ఈకారమే. సంస్కృత వ్యాకరణంలో అది చ్వి ప్రత్యయం వల్ల వచ్చింది. మునుపు అలా లేనిది అలా కావడం, అంటే అభూతతద్భావం, దాని అర్థం. శుద్ధం కానిదాన్ని శుద్ధం చేయడం శుద్ధీకరణ అయినట్లే, జన్యువులో అవ్యక్తంగా ఉన్న సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా, చాలా సందర్భాల్లో ఆపైన ప్రోటీనుగా వ్యక్తం చేయడం వ్యక్తీకరణ. కాలేయ కణంలోనూ నాడీకణంలోనూ డీఎన్‌ఏ దాదాపు ఒక్కటే. ఏది వ్యక్తమైంది, ఏది అవ్యక్తంగా ఉండిపోయింది అన్నదే తేడా.

అయితే ‘కరణ’ అన్నాక కర్త ఎవరన్నది తేలాలి. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన ఎలుకల అధ్యయనాన్ని చూడండి. తల్లి తరచుగా నాకుతూ ఉంటే, పిల్ల మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలోని కణాలకు సెరటోనిన్ అనే నాడీ రసాయనం ద్వారా సంకేతం అంది, అది లోపల అంచెలంచెలుగా సాగి ఎన్‌జీఎఫ్‌ఐ-ఏ అనే ప్రోటీనును పెంచుతుంది. ఒత్తిడి హార్మోనును అందుకునే ప్రోటీనును గ్రాహకం అంటారు. ఆ గ్రాహకానికి చెందిన జన్యువు ముందుభాగాన్ని ఎన్‌జీఎఫ్‌ఐ-ఏ అంటిపెట్టుకోవాలి. అక్కడ డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ మీద మిథైల్ సమూహం అనే చిన్న రసాయన గుర్తు ఉంటే దానికి పట్టు దొరకదు. బాగా నాకించుకున్న పిల్లల్లో పుట్టిన తొలి వారంలోనే అక్కడి మిథైల్ గుర్తులు తగ్గాయి, గ్రాహకాలు పెరిగాయి, పెద్దయ్యాక కూడా ఒత్తిడికి వాటి స్పందన మితంగానే ఉంది. పిల్లలను మరొక తల్లి దగ్గరకు మార్చినప్పుడు ఆ గుర్తులు కన్నతల్లిని బట్టి కాక పెంచిన తల్లిని బట్టి ఏర్పడ్డాయి. నన్ను ఎంతగానో కదిలించిన ఫలితమిది.

ఇక్కడ కర్త జన్యువు కాదు, సంకేతం అందుకున్న కణం. కాబట్టి ‘జన్యువు తనను తాను వ్యక్తీకరించుకుంటుంది’ అని రాయడం వ్యాకరణానికీ జీవశాస్త్రానికీ కూడా సరిపడదు. ‘కణం జన్యువును వ్యక్తీకరిస్తుంది’, ‘జన్యువు వ్యక్తమవుతుంది’ అని రాయాలి.

ప్రశ్న: మరి ‘మిథైలీకరణ’?

సమాధానం: మిథైల్ సంస్కృత పదం కాకపోయినా ఆధునికీకరణ, జాతీయీకరణల పోలికపై అదే ఈకారం వచ్చి చేరింది, మిథైల్ లేనిచోట దాన్ని చేర్చడమనే అర్థమూ చక్కగా కుదిరింది. దానికి విరుద్ధమైన పనికి ‘నిర్మిథైలీకరణ’ కన్నా ‘మిథైల్ తొలగింపు’ అన్నదే నాకు నచ్చుతుంది, ఎందుకంటే చదివే పిల్లలకు అది వెంటనే అర్థమవుతుంది.